ఎవరి చెయ్యీ కాని గడ

క్షేత్రపురి రాజ్యంలో రాజుగారి చెయ్యే చట్టం. ఇది మాటవరసకు అంటున్నది కాదు పిల్లలూ, అక్షరాలా అంతే. పట్టాభిషేకం నాడు కొత్త రాజు చెయ్యి చాపి నిలబడతాడు. మోచేతి నుంచి నడిమివేలి కొసదాకా కొలిస్తే ఒక మూర. అలాంటి నాలుగు మూరల పొడవుకు ఒక వెదురు నరుకుతారు. దాని పేరు గడ. ఆ రాజు బతికున్నంతకాలం దేశంలో పొలాలూ, బాటలూ, చెరువు గట్లూ అన్నీ ఆ గడతోనే కొలవాలి. రాజు చనిపోతే దాన్ని ఆయన చితిమీదే కాల్చేస్తారు. ఇంత తెలివితక్కువ ఆచారం ఎవరు పెట్టారని నన్నడక్కండి. పెట్టినవాడి చెయ్యి బాగా పొడుగై ఉంటుందని మాత్రం నా అనుమానం.

చాలా తరాలపాటు దీనివల్ల ముప్పేమీ రాలేదు. పెద్దవాళ్ళ చేతులు ఒకదానికొకటి మరీ తేడాగా ఉండవు కదా! కానీ జయకేతు మహారాజు వేటలో గుర్రం మీంచి పడి హఠాత్తుగా చనిపోయాడు. ఆయన కొడుకు మకరందుడికి ఇంకా పాలపళ్ళు కూడా ఊడలేదు. మంత్రులు ఆ పసివాణ్ణే సింహాసనం మీద కూర్చోబెట్టి, మేళతాళాలతో వాడి చిట్టిచెయ్యి కొలిచి కొత్త గడ నరికారు. అది పాత గడలో సగం కూడా లేదు. "ఎంత ముద్దుగా ఉందో!" అని సభంతా మురిసిపోయింది. తూర్పు సరిహద్దు సంగతి ఒక్కరికీ గుర్తు రాలేదు.

ఆ సరిహద్దుకు అవతల భూకబళుడనే రాక్షసుడు ఉండేవాడు. వాడి నేలమీద గడ్డి మొలవదు. పొరపాటున అక్కడ కాలు పెట్టిన మనిషి మట్టిబొమ్మ అయిపోతాడు. పూర్వం ఎప్పుడో మొదటి రాజుకూ వాడికీ ఒక ఒప్పందం జరిగింది. పడమటి కొండ కింద ఉన్న ఎర్రబండ నుంచి తూర్పుగా లక్ష గడల నేల మనుషులది, ఆపైన ఉన్నది రాక్షసుడిది.

పట్టాభిషేకం తోరణాలు వాడకముందే భూకబళుడు సభలోకి నడిచి వచ్చాడు. వాడి అడుగు పడ్డచోటల్లా గచ్చు బీటలు వారింది. వాడు కొత్త గడను రెండు వేళ్ళతో పైకెత్తి చూసి ముసిముసిగా నవ్వాడు.

"భలే గడ! ఈ లెక్కన లక్ష గడలంటే నా సరిహద్దు మీ కోట వెనకగోడ దాకా వచ్చినట్టే. అయినా నాకు తొందర లేదు. రోజుకు కొంచెం చొప్పున జరుగుతాను. వచ్చే అమావాస్య పొద్దుటికి నాది నాకు చేరితే చాలు."

"అన్యాయం! పాత గడ ప్రకారం..." అని వృద్ధమంత్రి మేధానిధి లేవబోయాడు.

"ఏదీ, చూపించు."

మేధానిధి తిరిగి కూర్చున్నాడు. పాత గడ ఎప్పుడో బూడిదైపోయింది కదా.

ఆ రోజు నుంచే సరిహద్దు కదిలింది. పచ్చటి పొలాల మీదుగా బూడిదరంగు గీత ఒకటి పడమటికి జరిగి వస్తోంది. ఊళ్ళకు ఊళ్ళు మూటాముల్లె సర్దుకుని ముందు పరిగెత్తుతున్నాయి. కట్టేసిన ఆవును విప్పుకొస్తానని వెనక్కి వెళ్ళిన ఒక రైతు, చేతిలో పలుపుతో సహా మట్టిబొమ్మై నిలబడిపోయాడు. ఆవు కూడా అంతే.

సభలో సేనాపతి దీర్ఘబాహుడు గొంతు సవరించుకున్నాడు. అతని చేతులు నిలబడితే మోకాళ్ళు దాటతాయి. "గడ మారాలంటే రాజు మారాలి. మన ఆచారం ప్రకారం రాజు మారాలంటే..." అని ఆగిపోయి, సింహాసనం మీద కాళ్ళు ఊపుకుంటూ కూర్చున్న పసివాడి వైపు చూశాడు. మిగతాది అందరికీ అర్థమైంది. పాపం, కొందరు మంత్రులు అప్పుడే దీర్ఘబాహుడి చేతిని కళ్ళతోనే కొలుస్తున్నారు.

రాకుమారి హేలావతి కూడా ఆ సభలోనే ఉంది. ఆమె మకరందుడికి అక్క. తల్లి లేని తమ్ముణ్ణి చంకనేసుకుని పెంచింది. ఆమె లేచి తమ్ముడి పక్కన నిలబడింది.

"అమావాస్య పొద్దుటిదాకా నా తమ్ముడి జోలికి ఎవరూ రాకూడదు. ఈలోగా నేను గడ తెస్తాను."

"ఎవరి గడ, రాకుమారీ?" అన్నాడు దీర్ఘబాహుడు.

"ఆగుతామని మాటివ్వండి," అంది గట్టిగా. సభ మాటిచ్చింది.

ఆమె తిన్నగా సరిహద్దుకు వెళ్ళింది. భూకబళుడు మట్టిబొమ్మల మధ్య తీరిగ్గా కూర్చుని ఉన్నాడు.

"ఇది మోసం కాదా?" అని అడిగింది.

"మోసమేముంది? మీ కొలతలన్నీ ఎవరో ఒకరి ఒంటివే. మూర, జాన, బెత్తె, వేలు. ఒళ్ళు మారితే కొలత మారుతుంది. అది నా తప్పా?"

"ఎవరి ఒంటికీ చెందని గడ తెస్తే కట్టుబడతావా?"

రాక్షసుడు పొట్ట పట్టుకుని నవ్వాడు. "అలాంటిది ఉంటే తప్పకుండా కట్టుబడతాను. భూమి మీద ఒట్టు."

ఆమె కోటకు తిరిగి రాగానే మేధానిధి ఆమెతో రహస్యంగా ఒక మాట చెప్పాడు. "తల్లీ, మూరకు ఇరవైనాలుగు అంగుళాలు. అంగుళానికి ఎనిమిది యవగింజలు. యవకు ఎనిమిది పేన్లు. ఆ కిందవి కూడా ఉన్నాయి, కానీ గురువుగారు పేను అనగానే మేమంతా నవ్వేశాం, మిగతావి వినలేదు. మొదటి గడను చేతితో కొలవలేదనీ, అన్నిటికన్నా చిన్నదైన అట్టడుగు కొలత నుంచి కట్టుకొచ్చారనీ ఆయన అనేవారు. ఆ అడుగు ఎక్కడుందో ఉత్తరారణ్యంలో యవల చేను కాసే పక్షిని అడిగి చూడు."

హేలావతి ఉత్తరారణ్యం చేరేసరికి చంద్రుడు సగమయ్యాడు. అడవి నడుమ యవల చేను బంగారంలా పండి ఉంది. చేను మధ్య మంచెమీద ఏనుగంత పక్షి వాలి ఉంది. దాని ముక్కు కొడవలిలా వంగి ఉంది.

"కొలత కోసం వచ్చావా? అయితే ఎనిమిది గింజలు ఏరి నాకు అంగుళం చూపించు. తప్పితే నీ కళ్ళు నావి," అంది పక్షి.

హేలావతి ఎనిమిది గింజలు ఏరి వరసగా పేర్చింది. ఎందుకైనా మంచిదని చేను అవతలి అంచున ఇంకో ఎనిమిది ఏరి పక్కన పేర్చింది. రెండు వరసలూ కలవలేదు. నీళ్ళు పారే వైపు గింజ లావుగా ఉంది, మెట్ట వైపు గింజ సన్నగా ఉంది. మళ్ళీ ఏరింది. మళ్ళీ తేడా వచ్చింది. పక్షి మంచె దిగి ఆమె ముఖం దగ్గరగా ముక్కు పెట్టింది.

ఏదో ఒక వరస చూపించి తప్పించుకోవచ్చు. కానీ ఆమె రెండు వరసలనూ చేత్తో చెరిపేసింది. "దీంతో అంగుళం చెయ్యలేను. ఇది వాన చేసిన కొలత. వాన మారితే గింజ మారుతుంది. నాకు దీని అడుగు కావాలి."

పక్షి కొడవలిముక్కు వెనక్కి తీసుకుంది. "ఇంతవరకూ వచ్చినవాళ్ళంతా తమకు నచ్చిన ఎనిమిది చూపించి, ఇదే అంగుళమని నాతో వాదించారు. వాళ్ళ కళ్ళు ఎంత రుచిగా ఉన్నాయో! సరే, ఎక్కు." అది ఆమెను వీపుమీద ఎక్కించుకుని ఒక రాళ్ళగుట్ట దగ్గర దింపి, వెనక్కి చూడకుండా ఎగిరిపోయింది.

ఆ గుట్ట గుట్ట కాదు. జటిల అనే రాక్షసి తల. ఆమె మెడదాకా భూమిలో కూరుకుపోయి, పొదల్లాంటి జుట్టుతో కూర్చుని ఉంది.

"ఏమే పిల్లా, పేలు చూడ్డం వచ్చా?" అంది రాక్షసి. భూమిలోంచి ఒక చెయ్యి లేచి హేలావతి నడుం పట్టుకుంది. "నొప్పెట్టకుండా చూశావా, నువ్వడిగింది చెబుతా. ఒక్క వెంట్రుక చురుక్కుమందో, నమిలేస్తా."

"చూస్తానవ్వా," అంది హేలావతి. తమ్ముడి తల దువ్వినట్టే, చిక్కును కొసల నుంచి పైకి విప్పుకుంటూ వచ్చింది. నడుం చుట్టూ గోళ్ళు బిగిసే ఉన్నాయి. జుట్టులోంచి బయటపడ్డ పేను చూసి ఆమె నోరు వెళ్ళబెట్టింది. అది పిల్లిపిల్లంత ఉంది.

"అవ్వా, యవకు ఎనిమిది పేన్లంటారు. ఇలాంటివి ఎనిమిదైతే గింజ కాదు, గుమ్మడికాయ అవుతుంది."

రాక్షసి కిసుక్కున నవ్వింది. "తలను బట్టే పేను. పేరులో ఏముందే? నా పేనైనా మీ ఊరి పేనైనా కొలత కాదు. ఎనిమిదీ ఎనిమిదీ అన్న మాట పట్టుకో, పేరు వదిలెయ్. ఆ మాట పట్టుకుని కిందికి వెళ్ళు. అవతల గుహలో ముని ఉన్నాడు, ఆయన్నడుగు." అంటూనే ఆవులించింది. జుట్టు దువ్వుతుంటే నిద్ర ఎవరికి రాదు? గోళ్ళు నెమ్మదిగా సడలాయి. హేలావతి ఊపిరి బిగబట్టి జారుకుంది.

గుహ పైకప్పుకు చిన్న కన్నం ఉంది. అందులోంచి ఎండ ఒక స్తంభంలా దిగుతోంది. ఆ ఎండలో ధూళికణాలు తేలుతున్నాయి. కింద కూర్చున్న ముని ఆమె కథంతా విన్నాడు.

"అమ్మాయీ, ఈ తేలే కణం కంటికి చివరిది. కొలతకు కాదు. దీనికింద మెట్లున్నాయి. ఒక్కో మెట్టు దిగితే నువ్వు ఎనిమిదోవంతు అవుతావు. మెట్లు అయిపోయిన చోట ఒక పొడవు ఉంటుంది. అది ఎక్కడైనా ఒకటే, ఎప్పుడైనా ఒకటే. కానీ దాన్ని సగం చెయ్యబోకు. కోతకు పెట్టిన బలమంతా అంత ఇరుకు చోట కూడితే, అదే గుంటై కోసినవాణ్ణి మింగేస్తుంది."

"ఆ పొడవును పైకి తేవడం ఎలా స్వామీ?"

ముని తన జడలోంచి ఒక సాలీడును తీసి ఆమె భుజంమీద వదిలాడు. "ఇది నువ్వు చూపించిన పొడవుకు సరిసమానంగా దారం వడుకుతుంది. అడుగున ఒక్కసారి చూపించు. పైకి వచ్చేటప్పుడు మెట్టుకు ఎనిమిదింతలు చేయించు. ఒక్క మెట్టు తప్పినా నీ గడ గడ కాదు."

హేలావతి దిగింది. నాలుగు మెట్లు దిగేసరికి ధూళికణం బంతంత అయింది. ఇంకో మెట్టుకు బండంత, మరో మూడు మెట్లకు కొండంత. ఆ తర్వాత అది కొండ కూడా కాదు, ఎడం ఎడంగా తిరుగుతున్న చుక్కల గుంపు. ఆ చుక్కల నడుమ ఎంత ఖాళీ ఉందంటే ఆమెకు ఏడుపొచ్చింది. రంగులు ముందు మెట్ల మీదే ఉండిపోయాయి. తర్వాత చప్పుళ్ళు కూడా ఆగిపోయాయి. కాలికింద మెట్టు మాత్రం ఉంది, దానికింద ఇంకో మెట్టు ఉంది. తమ్ముడి పేరు పలుక్కుంటూ దిగింది. పైన ఎన్ని రోజులు గడిచాయో తెలియదు. వాళ్ళు మాట మీద నిలబడ్డారో లేదో కూడా తెలియదు.

చివరకు కాలు కింద పెడితే మెట్టు తగల్లేదు.

అక్కడ నేల ఉడుకుతున్న పాలలా పొంగుతూ అణుగుతూ ఉంది. ఆ పొంగులో ఒక పొడవు వణుకుతోంది. దానికి ఈ కొస ఉంది, ఆ కొస ఉంది, నడుమ లేదు. దాని చుట్టూ నల్లటి గుంటలున్నాయి, చాలానే ఉన్నాయి.

"ఇదే చివరిదని ఏమిటి నమ్మకం?" అని ఎవరో అన్నారు. ఆ గొంతు ఆమెదే. "దీన్ని కోసి చూడకపోతే భూకబళుడు కోసి చూపిస్తాడు. అప్పుడు నీ తమ్ముడి గతి?"

ఆమె చెయ్యి మొలలోని చురకత్తి మీదికి వెళ్ళింది. కత్తి తీసింది కూడా. కత్తిమొన ఆ పొడవు దగ్గరకు రాగానే చుట్టూ ఉన్నదంతా మొనలోకి గుంజుకుపోవడం మొదలైంది. ఆమె జుట్టూ, ఊపిరీ, చివరికి తమ్ముడి పేరు కూడా. అప్పుడు చూసింది, పక్కనే ఉన్న గుంట అంచున ఎవరిదో చేతికడియం. ఈ గుంటలన్నీ కత్తి తీసిన మనుషులే. దీనికింద కొలత లేదనడానికి ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి? ఆమె కత్తిని గుంటలోకి విసిరేసి, సాలీడుకు ఆ పొడవు చూపించింది.

పైకి ఎక్కడం దిగడంకన్నా కష్టమైంది. మెట్టుమెట్టుకూ ఆగి, దారం ఎనిమిదింతలు అయ్యేదాకా కూర్చోవాలి. ఒకచోట కళ్ళు తిరిగి పడిపోయింది. లేచాక ఆ మెట్టు మీద ఎనిమిదింతలు చేయించిందో లేదో గుర్తు రాలేదు. చేయించే ఉంటానులే అనుకుని రెండు మెట్లు ఎక్కింది. మళ్ళీ ఆగిపోయింది. తల పట్టుకుని కాసేపు కూర్చుంది. చివరకు దారం తెంపేసి, అడుగుదాకా తిరిగి దిగి, మొదటి నుంచి మొదలుపెట్టింది. ఆ నిమిషంలో ఆమె ఎంత ఏడ్చిందో నేను చెప్పలేను.

గుహలోకి వచ్చేసరికి కన్నంలోంచి వెన్నెల చుక్కైనా రావడం లేదు. అమావాస్య వచ్చేసింది. ముని సాయంతో కణం నుంచి ఈరు, ఈరు నుంచి పేను, యవ, అంగుళం, అన్నీ ఎనిమిదీ ఎనిమిదీ లెక్కనే కట్టుకొచ్చి, ఇరవైనాలుగు అంగుళాలకు మూర, నాలుగు మూరలకు గడ చొప్పున వెదురు నరికింది. పట్టుకుని చూసి ఉలిక్కిపడింది. నాన్నగారి గడ పక్కన నిలబడి ఆడుకున్న పిల్ల కదా, దాని ఎత్తు ఆమెకు తెలుసు. ఇది అంతకన్నా బెత్తెడు తక్కువ ఉంది.

"తప్పు చేశానా స్వామీ?"

"లేదు. మీ తాతముత్తాతలవి పొడుగుచేతులు. బెత్తెడు బెత్తెడుగా వాళ్ళు రాక్షసుడి నేల తిన్నారు. అడుగు అబద్ధం చెప్పదమ్మాయీ, నీకు నచ్చింది కూడా చెప్పదు." ముని ఆమె నుదుటి మీద చెయ్యి పెట్టాడు. కళ్ళు తెరిచేసరికి ఆమె కోట వెనకగోడ దగ్గర ఉంది.

అప్పుడే తెల్లవారుతోంది. బూడిదగీత గోడకు ఆనుకుని ఉంది. ఇవతల మకరందుణ్ణి తెల్లబట్టలు కట్టి పీటమీద కూర్చోబెట్టారు. దీర్ఘబాహుడి కత్తి ఒరలో లేదు.

"ఆగండి!" అని అరిచింది హేలావతి.

భూకబళుడు గోడమీదుగా వంగి గడ అందుకున్నాడు. "ఎవరి చెయ్యి ఇది?"

"ఎవరిదీ కాదు. దీని అడుగు నా గోటిలోనూ ఉంది, నీ గోటిలోనూ ఉంది, రెండూ ఒకటే. కావాలంటే దిగి చూసుకో."

రాక్షసుడు కళ్ళు మూసుకున్నాడు. పెదాలు ఎనిమిదీ ఎనిమిదీ అని కదులుతున్నాయి. ఉన్నట్టుండి వాడి ఒళ్ళంతా జలదరించింది. కళ్ళు తెరిచినప్పుడు వాటిలో భయం కనిపించింది.

"నిజమే. దీనికి కట్టుబడతాను."

దీర్ఘబాహుడు అప్పటికే కంటితో గడ కొలిచేశాడు. అతని ముఖం మాడిపోయింది. పాత సరిహద్దు పక్కనే ఉన్న అతని కోట లక్ష గడలకు అవతల పడుతుంది మరి. "రాకుమారీ, నేలమీద పెట్టకముందే బెత్తెడు కలుపు. ఎవడికి తెలుస్తుంది?" అన్నాడు చెవిలో.

"కలిపిన మరుక్షణం ఇది నా గడ అవుతుంది. రేపు నేను పోతే మళ్ళీ ఇంకొకరి చెయ్యి కొలుస్తారు. అవతల పడే పల్లెలకు మా రాచతోటలన్నీ ఇచ్చేస్తాను. మీకూ ఇస్తాను. కలపను."

ఆమె గడను నేలమీద ఆనించింది. భూమి మీద పెట్టిన ఒట్టు కదా, భూమే కొలుచుకుంది. బూడిదగీత తూర్పుకు పరిగెత్తింది. దాని వెనకే పచ్చదనం లేచింది. పలుపు పట్టుకున్న రైతు తుమ్మాడు, ఆవు అంబా అంది. గీత పాత సరిహద్దుకు ఇవతలే ఆగి, అవతల మట్టిబొమ్మలైనవాళ్ళను కూడా లేపి, వదిలేసిన సామాన్లు తెచ్చుకుని అందరూ ఖాళీ చేసేదాకా గడువిచ్చి, ఇక కదలనని మొండికేసింది. పల్లెలు బళ్ళు కట్టుకుని ఇవతలికి వచ్చాయి. దీర్ఘబాహుడి భార్యాబిడ్డలూ వచ్చారు. తన కోటకు వెళ్ళిన అతను మాత్రం తిరిగి రాలేదు. హేలావతి తానే వెళ్ళి గీత ఇవతల నిలబడి రమ్మని బతిమాలింది. "నా చెయ్యి చాచినంత మేర నాదే!" అంటూ కోటవాకిట చేతులు చాచి నిలబడ్డాడు. ఇప్పటికీ అలాగే నిలబడి ఉన్నాడట.

ఆ తర్వాత అంతా మేలే జరిగింది. పట్టాభిషేకంలో రాజు చెయ్యి కొలిచే ఆచారం పోయింది. తమ్ముడు ఎదిగేదాకా హేలావతి రాజ్యం చూసుకుంది. మకరందుడు పెద్దవాడై, పెళ్ళాడి, పిల్లాపాపలతో చల్లగా ఏలాడు. మనకు కావలసిందీ అదే కదా.

కానీ ఆ అమావాస్య పొద్దున జరిగిన ఒక్క సంగతి చెప్పాలి. గీత పరిగెత్తింది చూసి జనమంతా కేకలు వేస్తున్నారు. మేధానిధి అంతటివాడు గంతులేస్తున్నాడు. హేలావతి పీట దగ్గరికి వెళ్ళి తమ్ముణ్ణి ఎత్తుకుంది. ఇన్నాళ్ళూ వాడికేమీ తెలియదనుకుంది. ఆటకు వెళ్తున్నానని చెప్పి బయల్దేరింది కూడా.

వాడు ఆమె మెడ చుట్టూ చేతులు వేసి, చెవిలో మెల్లగా అడిగాడు.

"అక్కా, అయితే నేను చచ్చిపోనక్కర్లేదా?"

మెట్లన్నీ దిగి ఎక్కి వచ్చిన పిల్ల, రాక్షసుడి ముందు కూడా తొణకని పిల్ల, ఆ మాటకు అక్కడే నేలమీద కూలబడి భోరుమంది. "అక్కర్లేదు నాన్నా, అక్కర్లేదు," అని మాత్రం అనగలిగింది. వాడు ఆమె కళ్ళు తుడిచి, ఆకలేస్తోంది, ఇంటికి వెళదామన్నాడు.